ఆ హక్కు ఎవరిదని అడగని పోటీ

అమెరికాలో నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌కు అనుబంధమైన పౌరహక్కుల రక్షణ నిధి పాఠశాల విద్యార్థులకు వ్యాసరచన పోటీలు నిర్వహించింది. ఆయుధాలు కలిగి ఉండే హక్కును తెలిపే రెండవ రాజ్యాంగ సవరణ దేశానికి ఎందుకు ముఖ్యమన్నది అంశం. విజేతలకు నగదు బహుమతులు. పిల్లల చేత రాజ్యాంగం చదివించడం మంచి పనే. అయితే ఆ ప్రశ్న 'ముఖ్యమా, కాదా?' అని అడగడం లేదు. ముఖ్యమని ముందే తేల్చి, కారణాలు మాత్రం రాయమంటోంది. అది విద్యార్థికి విచారణ నేర్పదు, వకాల్తా నేర్పుతుంది.

1791లో చేరిన ఆ సవరణ ఆంగ్లంలో 27 పదాలే. ఆ హక్కు పౌరసైన్యానిదా, వ్యక్తిదా అన్న వివాదం చాలాకాలం సాగింది. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు అది వ్యక్తి హక్కేనని తీర్పిచ్చింది. తొమ్మిది మంది న్యాయమూర్తులలో నలుగురు విభేదించారు. పెద్దలే ఏకాభిప్రాయానికి రాని విషయంలో పిల్లలు ఒకే పక్షాన నిలవాలనడం న్యాయమా?

అల్పసంఖ్యాకులమైన మనకు మరో ప్రశ్న తోచాలి. ఆ హక్కు ఎవరిది? 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి టానీ నల్లజాతివారు పౌరులు కాలేరన్నాడు. పౌరులైతే వారు ఆయుధాలు ధరించి ఎక్కడికైనా వెళ్లగలరన్నది ఆయన చూపిన అభ్యంతరాలలో ఒకటి. మూకహత్యల రోజుల్లో, 1892లో, ఐడా వెల్స్ ప్రతి నల్లజాతి ఇంటిలోనూ తుపాకి ఉండాలని రాసింది. బలహీనుడికి రక్షణ ఎవరన్న ఆ వాదనను తేలికగా కొట్టిపారేయలేం. కాని 1967లో కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్లు తుపాకులతో బహిరంగంగా తిరిగినప్పుడు, దానిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. దానిని రైఫిల్ అసోసియేషన్ సమర్థించింది.

ఆ హక్కుకు మూల్యం చెల్లించినవారూ ఉన్నారు. 2012లో శాండీ హుక్ పాఠశాలలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు హతులయ్యారు. 2017లో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేత్‌లో ఒక తెలుగు ఇంజనీరును ఇరాన్ దేశస్థుడనుకొని కాల్చి చంపారు. హంతకుడికి అడ్డుపడి గాయపడిన అమెరికన్ యువకుడి చేతిలో ఏ ఆయుధమూ లేదు. ఈ విషయాలు కూడా తెలిసిన విద్యార్థి రాసే వ్యాసం వేరుగా ఉంటుంది.

మన సంఘాలు కూడా గణతంత్ర దినోత్సవానికి, మీలాదుకు ఇటువంటి పోటీలు పెడుతుంటాయి. వాటిలో న్యాయనిర్ణేతలుగా మేము కూర్చున్నాం. 'గొప్పతనం వివరించండి' అన్న అంశానికి వచ్చే కాగితాలన్నీ ఒక్క చేత్తో రాసినట్లే ఉంటాయి. ఇకమీదట ఏ హక్కు గురించైనా అది ఎవరికి దక్కుతోంది, ఎవరికి దక్కడం లేదు అని మన పిల్లలను అడుగుదాం. మన అభిప్రాయానికి విరుద్ధంగా రాసినా, ఆధారాలు చూపి వాదించిన విద్యార్థికే ప్రథమ బహుమతి ఇద్దాం.