ఫోన్ బ్యాటరీ హెల్త్ చూస్తాం సరే, కారు బానెట్ ఎప్పుడు తెరుస్తాం?

మొన్న సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ సూర్యాపేట దగ్గర టీకి ఆగాం. తాగి వచ్చి కీ తిప్పితే "టక్ టక్" అని చప్పుడే తప్ప ఇంజిన్ తిరగలేదు. కార్లో అమ్మ, నాన్న. బయట చీకటి పడుతోంది. బానెట్ తెరిచాను గానీ లోపల ఏం చూడాలో కూడా తెలీదు.

గంట తర్వాత మెకానిక్ వచ్చాడు. బ్యాటరీ టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగి, 10 నంబర్ స్పానర్‌తో క్లాంప్ బిగించాడు. అంతే, స్టార్ట్ అయింది. ఐదు నిమిషాల పనికి ఐదొందలు ఇచ్చాం. నాన్న ఒక్క మాటే అన్నారు: "ఏరా, బీటెక్‌లో ఇది చెప్పలేదా?"

ఐదొందలు పోయినందుకు బాధ లేదు కానీ ఆ మాట తగిలింది. ఫోన్ కొనేముందు ప్రాసెసర్ ఎన్ని నానోమీటర్లో, ఛార్జింగ్ ఎన్ని వాట్లో గంటలు గంటలు వాదిస్తా. అంతకంటే ఎన్నో రెట్లు ఖరీదైన కారు గురించి మాత్రం నాకు తెలిసింది సున్నా. మనలో చాలామంది పరిస్థితి ఇదే అనుకుంటా.

ఎక్కడ మొదలుపెట్టాలి?

టైర్లతో. ఎంత గాలి ఉండాలో డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. పొద్దున్నే, కారు కదలకముందే చెక్ చేయాలి. నాలుగు కిలోమీటర్లు తిరిగితే టైర్ వేడెక్కి రీడింగ్ పెరుగుతుంది.

తర్వాత బ్యాటరీ. కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆపి ఉంచిన కారులో 12.6 వోల్టులు చూపిస్తే మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఫుల్‌గా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగమే. ఇంజిన్ ఆన్‌లో 14 వోల్టుల చుట్టుపక్కల ఉంటే, చాలా కార్లలో ఆల్టర్నేటర్ బాగానే ఛార్జ్ చేస్తున్నట్టు లెక్క. టెర్మినల్స్ విప్పాల్సి వస్తే ముందు నెగెటివ్, బిగించేటప్పుడు నెగెటివ్ చివర్లో.

ఎయిర్ ఫిల్టర్ ఇంకా సులువు. చాలా కార్లలో నాలుగు క్లిప్పులో, స్క్రూలో తీస్తే బయటికి వచ్చేస్తుంది.

మన టైపు గ్యాడ్జెట్

స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్ ఉంటుంది. దానికి పెట్టే చిన్న బ్లూటూత్ స్కానర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే ఇంజిన్ లైట్ ఎందుకు వెలిగిందో కోడ్ చూపిస్తుంది. ఐఫోన్ వాడేవాళ్లు మాత్రం జాగ్రత్త, పాత బ్లూటూత్ స్కానర్లు దానికి కనెక్ట్ కావు. వైఫై లేదా బీఎల్ఈ ఉన్నది చూసుకోండి. పని అయ్యాక పీకేయండి, లేకపోతే ఆపిన కారులో కూడా కొద్దికొద్దిగా కరెంటు తాగుతుంది.

ఇక్కడే నేను బోల్తా పడ్డా. ఫిల్టర్ మార్చిన వారానికి ఇంజిన్ లైట్ వెలిగింది. కోడ్ పీ0171. అంటే ఇంజిన్‌లో పెట్రోల్‌తో పోలిస్తే గాలి ఎక్కువైందని. సెన్సర్ పోయిందనుకుని కొత్తది ఆర్డర్ పెట్టబోయా. తీరా చూస్తే, ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజిన్‌కి వెళ్లే పైపు క్లాంప్‌ని నేనే సరిగా బిగించలేదు. ఎర్రర్ లాగ్‌లో కనిపించిన లైనే బగ్ కాదని ఆఫీసులో జూనియర్లకి చెప్పేది నేనే! కోడ్ ఎక్కడ వెతకాలో చెప్తుంది, ఏ పార్ట్ మార్చాలో చెప్పదు.

ఎక్కడ ఆగాలి?

బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, ఈవీల్లో నారింజ రంగు కేబుళ్లు, వీటి జోలికి వెళ్లొద్దు. ఇంజిన్ వేడిగా ఉండగా కూలెంట్ మూత తీయొద్దు. జాకీ మీదున్న కారు కిందకి అస్సలు దూరొద్దు. వారంటీ ఉంటే పీరియాడిక్ సర్వీస్ కంపెనీ సెంటర్‌లోనే చేయించండి.

"ఆ టైమ్‌లో ఇంకో పని చేసుకుంటే ఎక్కువ సంపాదిస్తాం కదా" అంటాడు మా రూమ్మేట్. నిజమే, మిగిలే డబ్బు తక్కువే. నాకు దొరికింది వేరే. మొన్న సర్వీస్‌కి ఇచ్చినప్పుడు బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్ రెండూ మార్చాలన్నారు. "ఫిల్టర్ నేనే మార్చాను సార్, బ్యాటరీ పొద్దున 12.6 చూపించింది, ఒకసారి టెస్ట్ చేసి చూపిస్తారా?" అని అడిగా. బిల్లులోంచి రెండూ పోయాయి. ఇదివరకైతే తలూపి కార్డు గీకేసేవాణ్ణి.

మెకానిక్ అవ్వక్కర్లేదు, సరైన ప్రశ్న అడిగేంత తెలిస్తే చాలు. ఈ ఆదివారం ఒక్కసారి బానెట్ ఎత్తి చూడండి. ముందు బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లటి పొడి ఉందేమో చూసుకోండి.