తలుపు తీసిన వాళ్ళ మాటేమిటి?

"ప్రతిభ ఉంటే ఎక్కడున్నా పైకొస్తారు" అన్న మాట మనం బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వింటూనే ఉన్నాం. బహుమతి ప్రదానానికి వచ్చిన ముఖ్య అతిథి ఎవరైనా సరే, ఈ మాట అనకుండా మైకు వదలరు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఎంతవరకు నిజం? సైన్సు విద్యార్థిని గనక, దేన్నయినా ఒక ఉదాహరణ మీద పెట్టి చూస్తే తప్ప నాకు నమ్మబుద్ధి కాదు. అందుకు నేనెంచుకున్న ఉదాహరణ జోడీ కోమర్ అనే ఇంగ్లీషు నటి. టెలివిజన్‌లో, నాటకరంగంలో ఈ తరంలో ఆమెకు వచ్చినంత పేరు బహు కొద్దిమందికే వచ్చింది.

జోడీ 1993 మార్చి 11న లివర్‌పూల్‌లో పుట్టింది. తండ్రి ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్బులో ఆటగాళ్ళ కండరాల నొప్పులు చూసే ఉద్యోగి. తల్లి ఆ ఊరి లోకల్ రైళ్ళ సంస్థలో పనిచేసింది. సినిమా వంశం కాదు, నాటకాల వంశం అంతకన్నా కాదు. పైగా ఆ ఊరి యాస ఒకటి. దాన్ని 'స్కౌస్' అంటారు. ఓడల్లో పనిచేసేవాళ్ళు తినే ఒక మాంసం కూర పేరే ఆ మనుషులకూ, ఆ యాసకూ అంటుకుంది. లండన్ పెద్దమనుషుల చెవులకు అది మోటు. యాస వినగానే మనిషిని అంచనా వేసే జబ్బు మనకొక్కరికే ఉందనుకుంటే పొరపాటు. ఇంగ్లండులో అది ముదిరిన జబ్బు.

మరి ఈ అమ్మాయి ఎలా పైకొచ్చింది? ఇక్కడే కథ ఆసక్తిగా ఉంటుంది. బడిలో ఒక ప్రతిభా పోటీ కోసం స్నేహితురాళ్ళతో కలిసి డాన్సు చేయాల్సింది. సెలవులకు ఊరెళ్ళి రిహార్సల్సుకు రాలేదని ఆ జట్టు ఆమెను పక్కన పెట్టేసింది. దాంతో ఒంటరిగా ఒక ఏకపాత్ర చెప్పింది. విషయం ఏమిటంటే హిల్స్‌బరో దుర్ఘటన. 1989లో ఫుట్‌బాల్ మైదానంలో జరిగిన తొక్కిసలాటలో 97 మంది లివర్‌పూల్ అభిమానులు చనిపోయారు. ఆ ఊళ్ళో ఆ దుఃఖం తెలియని ఇల్లు లేదు. ఆమెలో ఏదో ఉందని గ్రహించిన నాటకాల టీచరు ఊరికే మెచ్చుకుని వదిలేయలేదు. బీబీసీ రేడియో నాటకం ఒకదానికి స్వర పరీక్షకు పంపించింది. ఆమె నటజీవితానికి మొదటి మెట్టు అదే.

బడిలో ఉండగానే, 2008లో, టెలివిజన్‌లో మొదటి చిన్న వేషం. ఆ తర్వాత వరసగా ఆస్పత్రి సీరియళ్ళూ, పోలీసు సీరియళ్ళూ. 2010లో 'హోల్బీ సిటీ', 2012లో 'కాజువాల్టీ', 'సైలెంట్ విట్నెస్'. ఇలాంటి వాటిల్లో ఒక ఎపిసోడు కనిపించి మాయమయ్యే రోగిగానో, బాధితురాలిగానో నటించడం. మధ్యలో సూపర్ బజారులాంటి పెద్ద కొట్లో బిల్లులు కొట్టే పని కూడా చేసింది. 2012లోనే 'గుడ్ కాప్' అనే సీరియల్లో స్టీఫెన్ గ్రాహం అనే నటుడితో పనిచేసింది. ఆయనదీ ఆ ప్రాంతమే, ఆ యాసే. ఆయన తన ఏజెంటుకు ఈమె పేరు చెప్పాడు. ఆ తర్వాతే 2013లో 'మై మ్యాడ్ ఫ్యాట్ డైరీ', 2015లో 'డాక్టర్ ఫోస్టర్', 2016లో 'థర్టీన్'. 2018లో 'కిల్లింగ్ ఈవ్' వచ్చేసరికి ఆమెకు పాతికేళ్ళు, వృత్తికి పదేళ్ళు. జనం మాత్రం రాత్రికి రాత్రే తార పుట్టిందన్నారు. నారు పోసిన మర్నాడే ధాన్యం బస్తాలు ఇంటికి వస్తాయనుకునేవాళ్ళు వాళ్ళే కాబోలు!

'కిల్లింగ్ ఈవ్'లో ఆమె రష్యన్ హంతకురాలు. ఒక్కో ఊళ్ళో ఒక్కో వేషం, ఒక్కో భాష, ఒక్కో ఉచ్చారణ. ఆ పాత్రకు 2019లో అమెరికా వాళ్ళ ఎమ్మీ బహుమతి వచ్చింది. తనకు వస్తుందనుకోలేదు గనక అమ్మానాన్నలను పిలవలేదని ఆ వేదిక మీదే చెప్పింది. అంతకన్నా విశేషం ఏమిటంటే, ఇంటర్వ్యూల్లో ఆమె సొంత యాస విని చాలామంది నివ్వెరపోయారు. ఇన్ని భాషలు పలికిన మనిషి మాట్లాడేది స్కౌసా అని! తర్వాత 2021లో 'హెల్ప్' అనే టెలివిజన్ చిత్రంలో ఆ యాసతోనే నటించింది. కోవిడ్ రోజుల్లో లివర్‌పూల్‌లోని ఒక వృద్ధాశ్రమంలో పనిచేసే అమ్మాయి కథ అది. పక్కన ఉన్నది ఆ స్టీఫెన్ గ్రాహమే. దానికి 2022లో బాఫ్తా బహుమతి. మోటన్న యాసే ఆ పాత్రకు ప్రాణం పోసింది.

ఇక నాటకం. 2022లో లండన్ వెస్ట్ ఎండ్ రంగస్థలం మీద ఆమె మొదటిసారి అడుగుపెట్టింది. సూజీ మిల్లర్ రాసిన 'ప్రైమా ఫేసీ' అనే నాటకం. రచయిత్రి ఆస్ట్రేలియాలో ఒకప్పుడు లాయరుగా పనిచేసిన మనిషి. వేదిక మీద ఉండేది ఒకే ఒక్కరు. విరామం లేకుండా దాదాపు గంటా నలభై నిమిషాలు. టెస్సా అనే లాయరు, సామాన్య కుటుంబం నుంచి కష్టపడి పైకొచ్చిన మనిషి, అత్యాచారం కేసుల్లో ముద్దాయిల తరఫున వాదించి గెలుస్తూ ఉంటుంది. ఒకనాడు తానే బాధితురాలై బోనెక్కాల్సి వస్తుంది. నిన్నటిదాకా తాను వేసిన ప్రశ్నలే ఇవాళ తన మీదకు వస్తాయి. చట్టం ఎవరి అనుభవాన్ని కొలబద్దగా పెట్టుకుని తయారైందన్న ప్రశ్నతో ప్రేక్షకుడు ఇంటికెళ్ళాలి. 2023లో ఆ నాటకం న్యూయార్కు వెళ్ళింది. లండన్‌లో ఆలివియర్, న్యూయార్కులో టోనీ, రెండు బహుమతులూ ఆ సంవత్సరమే. నటనాశిక్షణ బడి మెట్టెక్కని మనిషికి!

ఆలివియర్ అందుకున్న రోజు ఆమె ఒక మాట అంది. నటన బడికి వెళ్ళనివాళ్ళూ, వెళ్ళే స్తోమత లేనివాళ్ళూ, వెళ్తే వద్దనిపించుకున్నవాళ్ళూ, ఇది సాధ్యం కాదని ఎవరేమన్నా నమ్మవద్దని. మంచి మాట. ఎంతమంది పిల్లలకు ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదో! కానీ నా అభిప్రాయం ఏమిటంటే, ఆ మాట సగమే. ధైర్యం ఒక్కటే దారి కాదు. ఆమె కథలోంచి ఆ టీచరును తీసేయండి. కొత్త గొంతులను పరీక్షించి పాత్ర ఇచ్చే ప్రజల రేడియోను తీసేయండి. చిన్న వేషాలిచ్చి అన్నం పెట్టిన ఆ సీరియళ్ళను తీసేయండి. చేయందించిన ఆ తోటి నటుణ్ణి తీసేయండి. ప్రతిభ అలాగే ఉంటుంది. కాకపోతే బిల్లులు కొట్టే కౌంటరు వెనకాలే ఉంటుంది. పంట బాగా పండితే భూమి మంచిదంటారు. కాలవ తవ్విన వాళ్ళను ఎవరూ తలుచుకోరు. మేం రైతులం, నీళ్ళు రాని మంచి భూమి ఎలా ఉంటుందో మాకు తెలుసు.

ఒక్క ప్రయోగంతో సూత్రం రాయకూడదని లెక్చరర్లు అంటారు. నిజమే. జోడీ ఒక్కతి గెలిచింది గనక అందరూ గెలుస్తారనడం ఎంత తప్పో, ఆమె గెలుపును చూపించి ఇక దారులన్నీ బాగానే ఉన్నాయనడం అంతే తప్పు. గెలిచిన వాళ్ళ పేర్లు మనకు తెలుస్తాయి. అలాంటి టీచరు దొరకని అమ్మాయి పేరు ఏ పత్రికలోనూ పడదు. అదే అసలు లెక్క, అది మనం వేయం.

ఇప్పుడు మన సంగతి. ఏటా వార్షికోత్సవ నాటకానికి పాత్రలు పంచేటప్పుడు ఏం జరుగుతోంది? పుస్తకంలా మాట్లాడేవాళ్ళకు హీరో వేషం. మా పల్లెటూరి వాళ్ళ నోట యాస వినపడగానే నౌకరు వేషం, లేదా నవ్వించే వేషం. చాలామంది హాస్టలు కుర్రాళ్ళు, ముఖ్యంగా ఆడపిల్లలు, అసలు పేరే ఇవ్వరు. వాళ్ళకు నటన రాదని కాదు, నోరు విప్పితే నవ్వుతారని. నవ్వేది ఎవరో కాదు, మనమే.

అందుకే విద్యార్థి సంఘానికి నాలుగు మాటలు మనవి. పాత్రల ఎంపికను నలుగురు స్నేహితుల మధ్య కాకుండా నోటీసు పెట్టి అందరి ముందూ జరపండి. ఎవరి యాసలో వాళ్ళు చెప్పే ఏకపాత్రకు ఒక పోటీ పెట్టండి. ఆకాశవాణిలో నాటక కళాకారులకు స్వర పరీక్షలు పెట్టే పద్ధతి ఉంది. బాగా చెప్పినవాళ్ళను అక్కడికి పంపే బాధ్యత తీసుకోండి. లెక్చరర్లకు ఒక్కటే మనవి. చివరి బెంచీలో ఎవరైనా మీకు కనిపిస్తే, "బాగా చేశావోయ్" అని ఊరుకోకండి. ఎక్కడికో ఒకచోటికి పంపండి. పూర్వ విద్యార్థులైన అన్నలూ, అక్కలూ, మీ మాట చెల్లే చోట మావాళ్ళ పేరు ఒక్కటి చెప్పండి.

వచ్చే ఏడు వార్షికోత్సవంలో మా ఊరి మాట హీరోయిన్ నోట వినపడితే, ఆ రోజు చప్పట్లలో కొన్ని తలుపు తీసిన వాళ్ళకు కూడా కొడదాం.