ఒంటరి టీచరు చెప్పే పాఠం

2023 ఆగస్టులో, బళ్లు తెరవడానికి వారం రోజులుందనగా, అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో హైస్కూలు పిల్లలకు సైకాలజీ చెప్పే టీచర్లకు ఆ ఏడు తాము ఏం చెప్పవచ్చో, ఏం చెప్పకూడదో తెలియకుండా పోయింది. అక్కడ పై తరగతుల పిల్లలు కొందరు ‘అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్’ పేరుతో కాలేజీ స్థాయి పాఠాలు బడిలోనే చదువుకుంటారు. ఆ సైకాలజీ కోర్సులో జెండర్, లైంగికతల గురించిన భాగం ముప్ఫై ఏళ్లుగా ఉంది. ఆడపిల్ల లక్షణాలనీ మగపిల్లవాడి లక్షణాలనీ మనం అనుకునేవాటిలో పుట్టుకతో వచ్చేదెంత, సమాజం నేర్పేదెంత అన్న చర్చ అందులో ఒకటి.

లైంగికత, జెండర్ గుర్తింపుల గురించి మూడో తరగతి దాకా బోధించరాదని ఆ రాష్ట్రం 2022లో చట్టం చేసింది. 2023 ఏప్రిల్‌లో రాష్ట్ర విద్యా బోర్డు ఈ ఆంక్షను పన్నెండో తరగతి దాకా పొడిగించింది. మీరిన టీచరు బోధనార్హత రద్దు కావచ్చు. కోర్సును నడిపే కాలేజ్ బోర్డు ఆ భాగాన్ని తీసెయ్యడానికి ఒప్పుకోలేదు. ఫ్లోరిడాలో ఈ కోర్సును నిషేధించినట్టేనని ఆగస్టు 3న ప్రకటించింది. మర్నాడే రాష్ట్ర విద్యా కమిషనర్, కోర్సు మొత్తం చెప్పుకోవచ్చు, కాకపోతే పిల్లల వయసుకు తగిన పద్ధతిలో చెప్పాలి అని ఉత్తరం రాశాడు. వయసుకు తగినదేదో, కానిదేదో తేల్చేదెవరు? రేపు ఎవరో తండ్రి ఫిర్యాదు చేస్తే సంజాయిషీ ఇచ్చుకోవలసింది కమిషనర్ కాదు, టీచరు. కొన్ని జిల్లాలు ఈ గొడవెందుకని వేరే కోర్సుకు మారిపోయాయి. అంతకు ముందు సంవత్సరం ఆ రాష్ట్రంలో 28 వేల మందికి పైగా పిల్లలు ఈ కోర్సు చదివారు.

ఎక్కడో ఫ్లోరిడా గొడవ మనకెందుకని మిత్రులు అడగవచ్చు. ఆ వారం రోజుల్లో టీచర్ల వెనక నిలబడ్డవాళ్లెవరో చూస్తే మనకు పనికొచ్చే సంగతి ఒకటి దొరుకుతుంది.

లెక్కల టీచర్లు ఒక బడిలో నలుగురుంటారు. సైకాలజీ టీచరు సాధారణంగా ఒక్కరే. అమెరికాలో కూడా అంతే. పైగా వాళ్లలో చాలామంది చరిత్రో, సాంఘికశాస్త్రమో చెప్పడానికి చేరి, ఈ పాఠం కూడా నువ్వే చెప్పమంటే తలకెత్తుకున్నవాళ్లు. ఆత్మహత్య, మత్తుపదార్థాలు, ఇంట్లో హింస, శరీరం, కోరిక – ఇవన్నీ వచ్చే పాఠం అది. క్లాసయ్యాక ఒక అమ్మాయి వెనకే ఆగి, ‘మేడమ్, ఒక మాట’ అంటుంది. ఆ మాట విన్నాక ఏం చెయ్యాలో సలహా అడగడానికి స్టాఫ్‌రూమ్‌లో పక్కన ఎవరూ ఉండరు.

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 1892లో పుట్టింది. హైస్కూలు టీచర్ల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టడానికి దానికి సరిగ్గా నూరేళ్లు పట్టింది. 1992లో ‘టాప్స్’ ఏర్పడింది. సెకండరీ స్కూళ్ల సైకాలజీ టీచర్లు అన్నదానికి అది పొట్టిపేరు. పైన చెప్పిన కోర్సుకు తొలి పరీక్ష జరిగింది కూడా ఆ ఏడాదే. అప్పుడు రాసినవాళ్లు సుమారు నాలుగు వేల మంది. 2023 నాటికి అది మూడు లక్షలు దాటింది.

(మనకు 1992 అంటే దూబగుంట. అక్షరాస్యత తరగతిలో చదివిన పాఠం సారా దుకాణం దాకా నడిచిన సంవత్సరం. పాఠమంటే పాలకులకు ఎందుకు భయమో మనకు వేరే చెప్పనక్కర్లేదు.)

టాప్స్ పనితీరులో మనం గమనించాల్సింది దాని నాయకత్వం. కమిటీలో ఉండేది బడిలో పాఠం చెప్పే టీచర్లే. ఒకరు అధ్యక్షులు, రాబోయే ఏటి అధ్యక్షులు పక్కనే పని నేర్చుకుంటూ ఉంటారు, దిగిపోయినవాళ్లు ఇంకో ఏడాది తోడుంటారు. ఒక మనిషి కుర్చీకి అతుక్కుపోకుండా, అనుభవం వృథా పోకుండా చేసిన ఏర్పాటు ఇది. మన సంఘాల్లో ఎన్నింటికి ఇలాంటిది ఉంది? టీచర్లు రాసిన పాఠ ప్రణాళికలను టీచర్లకే అందిస్తారు. 2005 నుంచి క్లార్క్ విశ్వవిద్యాలయంలో వేసవి వర్క్‌షాపులు జరిగాయి. రెండు మూడు రోజులు కలిసి బస చేసి, ఎవరు ఏ పాఠం ఎలా చెబుతున్నారో ఒకరికొకరు చూపించుకోవడమే అక్కడ పని. హైస్కూలు సైకాలజీలో ఏం చెప్పాలన్నదానికి 1999లో జాతీయ ప్రమాణాలు ఆమోదించారు. 2022 దాకా మూడుసార్లు సవరించారు. అంతా సమానత్వమేనని అనుకోనక్కర్లేదు. ఆ పెద్ద సంస్థలో ఈ టీచర్లు చేరేది అనుబంధ సభ్యులుగానే. డాక్టరేట్ల పెత్తనం అక్కడా ఉంది.

అయినా 2023లో దాని విలువ తెలిసింది. జెండర్, లైంగికత లేకుండా సైకాలజీ అసంపూర్ణమని మాతృసంస్థ కాలేజ్ బోర్డుతో పాటు బహిరంగంగా చెప్పింది. ఆ పాఠం ఒక టీచరు సొంత పైత్యం కాదు, శాస్త్రం అంగీకరించిన విషయం అని చూపించడానికి రాతపూర్వకమైన ప్రమాణాలు చేతిలో ఉన్నాయి. ప్రిన్సిపాల్ గదిలో ఒంటరిగా నిలబడ్డ మనిషికి అంతకన్నా ఏం కావాలి?

మన దగ్గర ఈ అండ లేదు. 2007లో కౌమార విద్యా కార్యక్రమాన్ని మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక వంటి రాష్ట్రాలు ఆపేశాయి. 2021 నవంబరులో, ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడిలో ఎలా కలుపుకోవాలో టీచర్ల కోసం ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన పుస్తకాన్ని, అభ్యంతరాలు వచ్చిన కొద్ది రోజులకే వెబ్‌సైటు నుంచి తీసేశారు. ఆ పుస్తకం మాకు కావాలి అని టీచర్లంతా ఒక్క గొంతుతో అడగడానికి వేదికే లేకపోయింది.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి దాకా సైకాలజీ విడిగా పాఠ్యాంశం కాదు. సీబీఎస్ఈ బడుల్లో పదకొండు, పన్నెండు తరగతుల్లో ఐచ్ఛికంగా ఉంది. కానీ టెట్‌లో శిశువికాసం మీద 30 ప్రశ్నలుంటాయి. పియాజే, కోల్‌బర్గ్ బిట్లు బట్టీ పట్టని టీచరు మనకు దొరకదు. కోల్‌బర్గ్ నైతిక వికాస దశలను మొదట అబ్బాయిలను మాత్రమే పరిశీలించి కట్టాడని, ఆ కొలతతో అమ్మాయిలను తక్కువ చేస్తారా అని కెరోల్ గిల్లిగన్ 1982లో పుస్తకమే రాసిందని ఎంతమంది కోచింగ్ సెంటర్లలో విన్నారు? మన మీద శాస్త్రం పేరుతో చెప్పే మాటలను ప్రశ్నించడం కూడా ఈ సబ్జెక్టులో భాగమే.

ఇంకో సంగతి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చి 2023లో హాస్టల్లో ఉండగా మరణించిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో, సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వంద మంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలని, సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలని చెప్పింది. ఆహ్వానించాల్సిన తీర్పే. కానీ కార్పొరేట్ కాలేజీలో జీతం తీసుకునే కౌన్సిలరు, ఆ కాలేజీ టైంటేబులే పిల్లను చంపుతోందని చెప్పగలదా? ఉద్యోగం నిలవాలంటే ‘బాగా చదువుకోమ్మా’ అనే ఉపన్యాసాలకే ఆమె పరిమితం కావలసి వస్తుంది. ఇక వార్డెన్ మీదో లెక్చరర్ మీదో ఒక అమ్మాయి ఫిర్యాదు చెప్పుకుంటే, పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం దాన్ని పోలీసులకు తెలియజేయడం ఆమె బాధ్యత. చెప్పకపోతే శిక్ష. చెబితే యాజమాన్యం ఊరుకోదు. ఈ నలుగుబాటులో ఉన్న మనిషిని ఒక్కరోజు శిక్షణ కాపాడదు. ఈ మాట శిక్షణలిచ్చే మన స్వచ్ఛంద సంస్థల గురించి కూడా. మాడ్యూలు, భోజనం, సర్టిఫికెట్టు, ఫోటో, ఆ తర్వాత ఆ టీచరు ఏమైందో మనలో ఎవరం కనుక్కుంటున్నాం?

లెక్కలకు, సోషల్‌కు సబ్జెక్టు ఫోరాలున్నాయి. ఉపాధ్యాయ సంఘాలు పీఆర్సీ కోసం, బదిలీల కోసం గట్టిగా పోరాడతాయి, పోరాడాలి కూడా. సైకాలజీ చెప్పేవాళ్లకు, బడుల్లో కౌన్సిలర్లుగా ఉన్నవాళ్లకు, కస్తూర్బా పాఠశాలల్లో, గురుకులాల్లో పేరు లేకుండా ఆ పనే చేస్తున్న టీచర్లకు మాత్రం కలుసుకునే చోటు కావాలి. దాన్ని మనం నడపకూడదు. గది, దారిఖర్చులు, పిల్లల్ని చూసుకునే ఏర్పాటు, లాయరు సలహా ఇవ్వడం వరకే మన పని. ఎజెండా, నాయకత్వం వాళ్లవి.

ముందుగా ప్రతి జిల్లాలో ఇలాంటి వాళ్లెవరున్నారో తెలుసుకుందాం. మీకు తెలిసిన టీచర్లను, కౌన్సిలర్లను అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే, పత్రిక చిరునామాకు రాయండి. వాళ్ల పేర్లు అచ్చువెయ్యం, యాజమాన్యాలకు తెలియనివ్వం. మొదటి సమావేశం వేసవి సెలవుల్లో, వాళ్లకు అనువైన ఆదివారం పెడదాం.