ఎండ పూటకూ కూలి కట్టాల్సిందే

మే నెలలో కొత్తకోట మండలంలో ఏ చెరువు పూడికతీతకు వెళ్లి చూసినా నేల రాయిలా ఉంటుంది. గడ్డపార దిగదు. కూలి మాత్రం తవ్విన కొలతను బట్టే. ఒకప్పుడు ఉపాధి హామీలో ఈ కష్టానికి ఒక లెక్క ఉండేది. వేసవి నెలల్లో 20 నుంచి 30 శాతం దాకా భత్యం కలిపేవారు కాబట్టి కొలత తగ్గినా కూలి తగ్గేది కాదు. కేంద్రం సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ భత్యం పోయింది, ఫోన్ హాజరు వచ్చింది. 2023 జనవరి నుంచి ప్రతి పనిచోటా రోజుకు రెండు ఫొటోలు దిగాలన్నారు. మొదటిది పడిన నాలుగు గంటలకు గానీ రెండోది పడదు. ఎనిమిదింటికి మొదటి ఫొటో దిగిన మనిషి పని ముగించుకున్నా, రెండో ఫొటో కోసం పన్నెండు దాకా చెట్టు నీడ లేని చెరువు మధ్యలో కాచుకోవాలి. 2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టం స్థానంలో మరొకటి వచ్చింది. పనిదినాలు 125 అన్నారు. విత్తనాలు, కోతల కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపేయవచ్చని కూడా అందులోనే రాశారు. అలా ఆగిన పని ఎండాకాలం మీదే పడుతుంది.

వేసవి భత్యం తిరిగి ఇవ్వాలని వ్యవసాయ కార్మిక సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. ఆ కోరిక న్యాయమైనదే కానీ సరిపోదు. వాతావరణ మార్పు అనగానే అదేదో పర్యావరణవేత్తల వ్యవహారమని, తమ పని కూలి రేట్లు, పింఛన్ల వరకేనని మన కార్మిక సంఘాలు ఇంకా అనుకుంటున్నాయి. ఈ అలవాటు మారాలి. ఎనిమిది గంటల పనిదినం కోసం పుట్టిన ఉద్యమానికి, ఆ ఎనిమిది గంటలు ఏ ఎండలో గడుస్తున్నాయన్న ప్రశ్న పరాయిది ఎలా అవుతుంది? ఏటా 240 కోట్ల మందికి పైగా కార్మికులు తీవ్రమైన వేడికి గురవుతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో లెక్క చెప్పింది. వానాకాలంలో గుంత మగ్గంలోకి ఊట నీరు చేరి పని ఆగిపోయే నేతగాడికి, ఏప్రిల్‌లో ధాన్యం కొనుగోలు కేంద్రంలో బస్తాలు మోసే హమాలీకి ఈ సంగతి కొత్త కాదు.

వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మరణానికి ఇచ్చే పరిహారాన్ని తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. మంచి నిర్ణయమే. కానీ అది మనిషి పోయాక వచ్చే డబ్బు. అదీ వడదెబ్బతోనే పోయాడని అధికారులు తేల్చితేనే. బతికున్నవాడికి దక్కేది మధ్యాహ్నం బయటికి రావొద్దన్న సలహా ఒక్కటే. స్లాబు వేసే రోజున తాపీ మేస్త్రీ ఆ సలహా పాటిస్తే ఆ పూట కూలి ఎవరిస్తారు? గల్ఫ్‌కు వెళ్లొచ్చిన మనవాళ్లకు ఒక సంగతి తెలుసు. వలస కార్మికుల విషయంలో ఎన్నో విమర్శలు మూటగట్టుకున్న ఖతార్ సైతం 2021 నుంచి జూన్ 1, సెప్టెంబరు 15 మధ్య పొద్దున 10 నుంచి మూడున్నర దాకా ఆరుబయట పనిని నిషేధించింది. అక్కడ చట్టంతో ఆపగలిగినప్పుడు ఇక్కడ కరపత్రంతో సరిపెట్టడం ఒప్పుకోదగ్గది కాదు.

డబ్బెక్కడిదంటారా? భవన నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమం కోసమే వసూలవుతోంది. ఎండ వల్ల పని ఆగిన పూటకు కూలి అందులోంచి ఇవ్వొచ్చు. ఇద్దరు కైకిలోళ్లను పెట్టుకునే చిన్న రైతు మీద ఈ భారం వేయమని ఎవరూ అనరు, అనకూడదు. అహ్మదాబాద్‌లో పుట్టిన ‘సేవా’ సంఘం అసంఘటిత మహిళల కోసం 2023లో వేడి బీమా మొదలుపెట్టింది. ఉష్ణోగ్రత ఒక హద్దు దాటితే నష్టం రుజువు చేయాల్సిన పని లేకుండా డబ్బు ఖాతాలో పడే పద్ధతి అది. సర్కారు బాధ్యతకు బీమా బదులు కాదు. అయినా ఎండను కార్మిక సంఘం తన పనిగా తీసుకుంటే ఏం చేయగలదో అక్కడ కనిపిస్తోంది.

ఇక వాతావరణ చర్చ అనగానే ముందుగా భయపడే సింగరేణి బొగ్గు గనుల సంగతి. నాలుగు బొగ్గు బ్లాకుల వేలానికి వ్యతిరేకంగా 2021 డిసెంబరు 9 నుంచి మూడు రోజులు సంఘాలన్నీ ఒక్కటై సమ్మె చేశాయి. బొగ్గు మీద ఆధారపడ్డ ఊళ్ల భయం నిజమైనది, దాన్ని తేలిగ్గా తీసేసే హక్కు ఎవరికీ లేదు. అయితే ఒకనాడు లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య 40 వేల దగ్గరికి దిగింది వాతావరణ విధానాల వల్ల కాదు. ఓపెన్‌కాస్టులు, యంత్రాలు, కాంట్రాక్టు పద్ధతి వల్ల. గనులు మూతపడే రోజు దాకా ఆగి బేరమాడితే అడగడానికి ఏమీ మిగలదు. స్పెయిన్‌లో 2018లో బొగ్గు గనులు మూసేముందే సంఘాలు ప్రభుత్వంతో కూర్చొని ముందస్తు పదవీ విరమణలు, కొత్త శిక్షణ, ఆ ప్రాంతాలకు పెట్టుబడి రాయించుకున్నాయి. సింగరేణి ఇప్పటికే సౌర విద్యుత్తులోకి దిగింది. ఆ ప్లాంట్లలో ఉద్యోగాలు ఎవరివి, ఎంత జీతానికి, కాంట్రాక్టు కార్మికుల సంగతేమిటి అన్నది 2023 డిసెంబరు ఎన్నికల్లో గుర్తింపు గెలిచిన ఏఐటీయూసీ ఇప్పుడే తేల్చుకోవాలి. బొగ్గు కార్మికుడి జీతాన్ని, పాలమూరు కూలీ ప్రాణాన్ని ఒకదానికొకటి పోటీ పెట్టే వాదనకు ఏ సంఘమూ లొంగకూడదు. రెంటినీ కలిపి అడగగలిగేది సంఘాలే.

రాబోయే మేడే నాటికి వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోని సంఘాలన్నీ జెండా రంగు చూడకుండా ఒకే కోర్కెల పత్రంతో కలెక్టర్ల ముందుకు రావాలి. ఉష్ణోగ్రత హద్దు దాటితే పని ఆపే అధికారం కూలీలకే ఉండాలి. ఆగిన పూటకు కూలి రావాలి. పనిచోట నీడ, నీళ్లు లేకుంటే కాంట్రాక్టరుకు జరిమానా పడాలి. వేసవి భత్యం తిరిగి రావాలి, రెండో ఫొటో పోవాలి. ఇవన్నీ చట్టబద్ధమైన ఉత్తర్వుగా రావాలి. వచ్చేదాకా సంఘాలు వెనక్కి తగ్గొద్దు.