సీసా మీద మేడ బొమ్మ

షతో మార్గో అనే ఫ్రెంచి రెడ్ వైన్ గురించి ఎవరు రాసినా రెండు మాటలు తప్పవు. ఒకటి, ఆ మట్టి మహిమ. రెండు, ఆ ఎస్టేటు ఫలానా మార్కీ నుంచి ఫలానా కౌంటుకీ, అక్కణ్ణుంచి ఫలానా బ్యాంకరుకీ వెళ్లిన కథ. మొదటిది స్థలపురాణం, రెండోది వంశావళి. ఈ రెండూ కలిపి చరిత్ర అని మనకి అంటగడుతున్నారు. నా పేచీ దానితో.

పేచీ వైన్‌తో కాదు. డబ్బున్నవాళ్ల తాగుడు మనకెందుకనే మిత్రులకి ఎంగెల్స్‌ని గుర్తుచేస్తాను. మార్క్స్ కూతురు జెన్నీ ఆల్బమ్‌లో ఆనందం అంటే ఏమిటన్న ప్రశ్నకి ఆయన రాసిన జవాబు 1848 నాటి షతో మార్గో. విప్లవాల ఏడాదీ అదే, వైన్ ఏడాదీ అదే.

ముందు వంశావళి చూద్దాం. మార్గో బోర్దో నగరానికి ఉత్తరాన, మెడోక్‌లో ఒక ఊరు. ఆ ఎస్టేటు ఫ్రెంచి విప్లవంలో జప్తయింది. 19వ శతాబ్దం మొదట్లో మార్కీ ద లా కొలోనియా కొని, పాత భవనం పడగొట్టించి, గ్రీకు గుడిలా స్తంభాలున్న మేడ కట్టించాడు. లేబుల్ మీద బొమ్మ దానిదే. 1836లో స్పెయిన్‌లో పుట్టిన బ్యాంకరు ఆగ్వాడో, 1879లో పిలే-విల్ అనే ఇంకో బ్యాంకరు కొన్నారు. 20వ శతాబ్దంలో బోర్దో వైన్ వ్యాపారులైన జినెస్తే కుటుంబం చేతికొచ్చింది.

1973 తర్వాత బోర్దోలో ధరలు కుప్పకూలాయి. జినెస్తేలకి అమ్మక తప్పలేదు. నేషనల్ డిస్టిల్లర్స్ అనే అమెరికన్ కంపెనీ ముందుకొస్తే ఫ్రెంచి ప్రభుత్వం అడ్డుపడింది. ఇది జాతి సంపద, పరాయివాళ్ల చేతికి పోకూడదు అని. చివరికి 1977లో కొన్నదెవరు? ఆంద్రే మెంజెలోపులోస్. గ్రీస్‌లోని పాత్రస్‌లో పుట్టాడు, కరాచీలో ధాన్యం వ్యాపారంలో గడించాడు, తర్వాత ఫ్రాన్సులో ఫెలిక్స్ పొతాన్ అనే కిరాణా దుకాణాల సంస్థని కొన్నాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. కానీ స్పెయిన్ బ్యాంకరు చేతిలో ఉన్నప్పుడు లేని పవిత్రత, అమెరికా కంపెనీ వచ్చేసరికి ఎక్కణ్ణుంచి ఊడిపడింది? కరాచీ గోధుమలకి అంటని మైల డాలర్లకే ఎందుకంటింది?

ఇక మట్టి. ఫ్రెంచివాళ్లు తెర్వార్ అంటారు: నేల, వాలు, వాతావరణం అన్నీ కలిపిన మాట. మార్గో గులకరాళ్ల నేల నిజంగానే మంచిది. నీరు నిలవదు, వేళ్లు లోతుకి దిగుతాయి. అయితే ఆ గులకరాళ్లు 1970ల మొదట్లో కూడా అక్కడే ఉన్నాయి. అప్పటి వైన్ మాత్రం పేరుకి తగ్గట్టు లేదని విమర్శకులు గొణిగారు. 1977 తర్వాత నీళ్లు పోయే కాలవలు బాగుచేశారు, తోటలు మళ్లీ నాటారు, కొత్త ఓక్ పీపాలు తెచ్చారు, స్థాయికి అందని సరుకుని పావియోన్ రూజ్ అనే రెండో వైన్‌గా వేరుచేశారు. ఎమీల్ పేనో అనే శాస్త్రజ్ఞుణ్ణి సలహాదారుగా పెట్టుకున్నారు. 1978 మార్గోని అందరూ మెచ్చుకున్నారు. మట్టి తనంతట తనే మాట్లాడేదైతే ఇంత చాకిరీ దేనికి? మన సమీక్షకులు ‘మట్టి వాసన’ అనేసి రచయిత పడ్డ శ్రమని ఒక్క మాటలో కొట్టేసినట్టే ఉంటుంది ఈ తెర్వార్ భజన కూడా.

అసలు మార్గో హోదా కూడా మట్టికి ఇచ్చింది కాదు. 1855 పారిస్ ప్రదర్శన కోసం బోర్దో దళారులు అప్పటి మార్కెట్ ధరలు చూసి శ్రేణులు వేశారు. మార్గో మొదటి శ్రేణిలోకి వచ్చింది. ఆ శ్రేణి ఎస్టేటు పేరుకి చెందుతుంది, ఫలానా మడికి కాదు. ఆ ఊళ్లో పక్క మడి కొని కలుపుకున్నా హోదా చెక్కుచెదరదు. ధరని చూసి ఇచ్చిన హోదా, ఇప్పుడు అదే ధరకి సాక్ష్యం చెబుతోంది. ఇది బ్రాండు. దానికి మట్టి పూసి ప్రకృతి అంటున్నారు.

మెంజెలోపులోస్ డబ్బు లేకపోతే ఎస్టేటు ఏమయ్యేదని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆయన 1980లో పోయాక కూతురు కొరీన్ దశాబ్దాల పాటు సమర్థంగా నడిపిందన్నదీ నిజమే. కానీ ఆ డబ్బు కొన్నదేమిటి? పేనో చదువు, కాలవలు తవ్విన చేతులు, చలికాలమంతా వంగి తీగలు కత్తిరించే వాళ్ల నేర్పు. 18వ శతాబ్దం మొదట్లో బెర్లోన్ అనే మేనేజరు ఎర్ర ద్రాక్షనీ తెల్ల ద్రాక్షనీ విడదీసి వైన్ చేయించాడు. మంచుకి తడిసిన కాయ పొద్దున్నే కోస్తే రంగు పలచబడుతుందని కోత ఆపించాడు. ఇవాళ మనం మార్గో అంటున్నదానికి పునాది వేసినవాళ్లలో ఆయనొకడు. మార్కీలకి బిరుదులతో సహా పేర్లు మిగిలాయి. ఆయనకి మిగిలింది ఇంటిపేరు. తీగ కత్తిరించినవాళ్లకి అదీ లేదు.

కొన్నవాళ్ల జాబితా రిజిస్ట్రేషన్ ఆఫీసులో దొరుకుతుంది. దానికి వ్యాసం అక్కర్లేదు. వైన్ గురించి రాయడానికి కూర్చున్నవాళ్లు ఆ మేడ దాటి వెనక తోటలోకి వెళ్లాలి. వెళ్లకపోతే వాళ్లు రాసేది లేబులే.