సోకుకు సుంకం

రంగారెడ్డి జిల్లాలోని జల్‌పల్లి పల్లెకూ పట్నానికీ నడుమ ఉన్న ఊరు. ఒక పక్క చెరువు, మరొక పక్క పహాడీషరీఫ్ గుట్ట, కొంత దూరంలో 2008లో ప్రారంభమైన శంషాబాద్ విమానాశ్రయం. శ్రీశైలం రహదారి పట్టి తుక్కుగూడ చేరితే హైదరాబాదు నగరాన్ని చుట్టివచ్చే 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఎదురవుతుంది. ఎనిమిది వరుసల ఆ విశాల మార్గాన్ని వెదుక్కుంటూ నగరంలోని విదేశీ స్పోర్ట్స్ కార్లు అప్పుడప్పుడు ఈ దిక్కుకు వస్తుంటాయి. నేలను అంటిపెట్టుకొని ఉరుములా గర్జిస్తూ పోయే అటువంటి కారు కంటబడినప్పుడు దారిన పోయే విద్యార్థి నోట ముందుగా వెలువడే ప్రశ్న ఒక్కటే. దాని ధర ఎంత?

ఆ ప్రశ్నకు ఒక్క అంకెతో సమాధానం చెప్పడం సాధ్యం కాదు. ఇటలీలోనో, ఇంగ్లాండులోనో తయారైన కారు మన రేవు చేరేసరికి, అసలు ధర, ఓడ కిరాయి, దారి బీమా కలిపి కోటి రూపాయలైనదనుకొందాము. ఇక్కడినుంచి మన దేశపు లెక్క మొదలవుతుంది. 2025 కేంద్ర బడ్జెటు ప్రకారం నలభైవేల డాలర్లకు మించిన విలువగల కొత్త కారుపై మూల దిగుమతి సుంకం 70 శాతం. దానిపైన వ్యవసాయ మౌలిక వసతుల అభివృద్ధి సెస్సు 40 శాతం. రెండూ కలిసి 110 శాతం. స్పోర్ట్స్ కారు రసీదులో వ్యవసాయం పేరు కనబడడం కొందరికి వింతగా తోచవచ్చును గాని, ఆ రసీదులో అంతకంటె అందమైన పంక్తి మరొకటి లేదు. కోటి రూపాయల కారు ఈ విధంగా రెండు కోట్ల పది లక్షలైనది. సుంకం చేరిన ఈ మొత్తంపైన మళ్ళీ జి.ఎస్.టి. లెక్కకడతారు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లకు అది 40 శాతం, అనగా మరొక 84 లక్షలు. అంటే పన్నుపైన కూడా పన్ను పడుతుందన్నమాట. కారు విలువ రెండు కోట్ల తొంభైనాలుగు లక్షలకు చేరినది. ఇక ఊరిలో తిప్పుకొనడానికి రాష్ట్రానికి జీవితకాలపు పన్ను కట్టవలసి ఉన్నది. తెలంగాణలో 2022 మే నెలలో ఇరవై లక్షలకు మించిన కార్లకు నిర్ణయించిన 18 శాతం చొప్పున చూచినా ఇది సుమారు 53 లక్షలు. వెరసి కోటి రూపాయల వస్తువుకు మూడు కోట్ల నలభైయేడు లక్షలు. వ్యాపారి లాభం, ఏటేటా బీమా, మరమ్మతు ఖర్చులు ఇందులో చేరలేదు.

వాడిన కారును తెప్పించుకొంటే చవక కదా అని కొందరి ఊహ. అది సరికాదు. పాత కారుపై సుంకం, సెస్సు కలిసి 137.5 శాతం. పైగా అది తయారై మూడేండ్లు దాటి ఉండరాదు, స్టీరింగ్ కుడివైపున ఉండాలి, ముంబయి రేవు ద్వారానే రావాలి. విదేశాల్లో స్థిరపడి తిరిగివచ్చే తెలుగువారు ఎందరో అక్కడ మోజుపడి కొన్న కారును అక్కడే అమ్మివేసి రావడానికి కారణం ఈ లెక్కయే.

ఇంత సుంకం న్యాయమా అన్నది విజ్ఞులు సైతం వాదులాడుకొనే విషయం. స్వాతంత్ర్యానంతరం చాలాకాలం మన దేశంలో విదేశీ కార్ల దిగుమతి దాదాపు నిషేధమే. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లే మధ్యతరగతి కలలకు అవధులు. విదేశీ మారకద్రవ్యం మందులకు, యంత్రాలకు, చమురుకు చాలక 1991లో దేశం సంక్షోభంలో పడినది. 2001 ఏప్రిల్‌లో పరిమాణాత్మక ఆంక్షలు తొలగిన పిదపనే కార్లు రావడానికి తలుపు తెరుచుకొన్నది. తలుపు తెరిచినా గడప మాత్రం ఎత్తుగానే ఉంచారు. ఉప్పుకో పప్పుకో ఇంత సుంకం వేస్తే అది ప్రజాద్రోహం. రెండే సీట్లుండి, గంటకు మూడువందల కిలోమీటర్ల వేగంతో పోగల కారు ఎవరి నిత్యావసరమూ కాదు. కనుక ఆ గడప ఎత్తు న్యాయమైనదే.

ప్రాచీనకాలంలో ఈ కార్ల స్థానంలో గుర్రాలు ఉండేవి. విజయనగర ప్రభువులు మేలుజాతి గుర్రాలకై సముద్రాంతర వర్తకులపై ఆధారపడవలసివచ్చినది. సాళువ నరసింహుడు ఓర్ముజ్, ఆదెన్‌ల నుంచి గుర్రాలను తెప్పించేవాడనీ, సముద్రంలో చచ్చిన గుర్రపు తోకను తెచ్చి చూపినా వర్తకునికి వెల చెల్లించేవాడనీ పదహారవ శతాబ్దిలో పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసిపెట్టినాడు. రేవులను వృద్ధిచేసి గుర్రాలు, ఏనుగులు, మణులు దిగుమతి అయ్యేలా వర్తకులను ఆదరించాలని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో చెప్పినాడు. కాని ఆ గుర్రాలు శత్రువుల చేతికి చిక్కకుండుట రాజ్యరక్షణకు సంబంధించిన అవసరం. ఈనాటి కారుకు అటువంటి అవసరం ఒకటి చూపించడం కష్టం.

అట్లని విలాసాన్ని కోరడమే పాపమని చెప్పడం కూడ తగదు. అందమైన వాహనంపై మోజు మానవునికి కొత్తది కాదు. కుబేరుని పుష్పకంపై రావణుని కన్ను పడినది. దోషం పుష్పకంలో లేదు, దానిని పొందిన తీరులో ఉన్నది. న్యాయంగా ఆర్జించి, కోటి రూపాయల వస్తువుకు దాదాపు రెండున్నర కోట్లు ప్రభుత్వానికి కట్టి, చట్టం చెప్పిన వేగంలో కారు నడిపేవానిని చూచి ఎవరూ ముఖం చిట్లించవలసిన పని లేదు. అతడు ఖజానాకు అడగకుండానే పెద్ద దాత. చిక్కల్లా కారు కావాలి గాని సుంకం వద్దనే వారితోనే.

ఈ విషయంలో దేశమంతటా చర్చకు వచ్చిన ఉదంతం ఒకటి ఉన్నది. 2002లో సచిన్ తెందూల్కర్ టెస్టు క్రికెట్టులో 29 శతకాలు సాధించి డాన్ బ్రాడ్‌మన్ సరసన నిలిచినాడు. ఆ సందర్భంలో ఫియట్ సంస్థ ఆయనకు ఫెరారీ 360 మోడెనా కారును కానుకగా ఇచ్చినది. దాని వెల అప్పట్లో సుమారు 75 లక్షలు. దానిపై పడే సుంకం వెలకు మించి, కోటి రూపాయలు దాటినది. ప్రభుత్వం ఆ సుంకాన్ని మాఫీ చేయడానికి ముందుకు వచ్చినది. దేశానికి ఇంత కీర్తి తెచ్చినవానికి ఆ మాత్రం మినహాయింపు ఇస్తే తప్పేమిటని అభిమానులు వాదించారు. ఆటలో గెలిచిన పతకం వేరు, వ్యాపార సంస్థ ఇచ్చిన కానుక వేరు, అన్నారు తక్కినవారు. వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా పోయినది. చివరకు ఆ సుంకాన్ని ఫియట్ సంస్థయే చెల్లించినది.

ఆ మహాక్రీడాకారుని ప్రతిభను ఇందులోకి లాగనవసరం లేదు. గమనించవలసిన అంశం వేరు. మినహాయింపు అడిగేవారు ఎప్పుడూ బలహీనులు కారు. కూలి చేసి కుట్టుమిషన్ కొనుక్కొన్న స్త్రీకి పన్ను మాఫీ చేయించడానికి ఎవరూ ఢిల్లీకి పోరు. కీర్తి గలవారికి, పలుకుబడి గలవారికి కట్టవలసిన సొమ్ము తగ్గించడం మర్యాదగా చలామణి అయినప్పుడు ఆ మర్యాద ఖర్చు మిగిలిన జనులందరి పద్దులో పడుతుంది.

మాఫీ కోరడమైనా బాహాటంగా జరిగే పని. దొంగలెక్క అట్లా కాదు. 2025 మే నెలలో హైదరాబాదుకు చెందిన విలాస కార్ల వ్యాపారి ఒకరిని రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు అరెస్టు చేశారు. అమెరికా, జపాన్‌ల నుంచి కార్లను దుబాయి, శ్రీలంకల మీదుగా తెప్పించి, ఎడమ స్టీరింగును కుడివైపుకు మార్పించి, దొంగపత్రాలలో అసలు ధరలో సగం దాకా తగ్గించి చూపి, పాతిక కోట్ల రూపాయల మేరకు సుంకం ఎగవేశారన్నది అభియోగం. నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానమే. అంతకుముందు, 2021 ఆగస్టులో, ఇతర రాష్ట్రాల నంబర్లతో హైదరాబాదులో తిరుగుతున్న పదకొండు విలాస కార్లను తెలంగాణ రవాణాశాఖవారు పట్టుకొన్నారు. జీవితకాలపు పన్ను తక్కువగా ఉన్న చోట రిజిస్ట్రేషన్ చేయించి, పన్ను ఎక్కువగా ఉన్న చోట తిప్పుకొనడం ఇందులోని కిటుకు. పన్నెండు నెలలకు మించి మరొక రాష్ట్రంలో ఉంచిన వాహనానికి ఆ రాష్ట్రపు రిజిస్ట్రేషన్ తప్పదని మోటారు వాహనాల చట్టం స్పష్టంగానే చెబుతున్నది.

కొత్తగా స్కూటరు కొనే జల్‌పల్లి కుటుంబాన్ని తలచుకొంటే ఇందులోని అన్యాయం బోధపడుతుంది. దుకాణంవాడు జి.ఎస్.టి. కలిపిన ధరనే చెబుతాడు. జీవితకాలపు పన్ను కట్టనిదే బండికి నంబరు రాదు. చాలని సొమ్ముకు వాయిదాలు, వాయిదాలకు వడ్డీ. ఆ కుటుంబానికి ధర తగ్గించి చూపే అవకాశం గాని, వేరే రాష్ట్రంలో చిరునామా గాని లేదు. పన్ను ఎగవేయడానికి కూడా మూలధనం కావాలి. పన్ను కట్టిన స్కూటరూ పన్ను కట్టని కారూ ఒకే సిగ్నలు వద్ద పక్కపక్కన నిలుస్తాయి. ఆ రోడ్డు వేయించినది ఎవరి సొమ్ము అన్న సంగతి చూపరులకు తట్టదు.

సుంకం మరీ ఎక్కువైనందువల్లనే దొంగతనం పుడుతున్నదని ఆర్థికవేత్తలు కొందరు చెబుతారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. 2025 జులై 24న ఇంగ్లాండుతో సంతకాలు జరిగిన వాణిజ్య ఒప్పందంలో, నిర్ణీత సంఖ్యలో వచ్చే కార్లపై నూరు శాతం దాటిన సుంకాన్ని కొన్నేండ్లలో పది శాతానికి తగ్గించడానికి మన ప్రభుత్వం అంగీకరించినది. బదులుగా మన సరకులకు అక్కడ ద్వారాలు తెరుచుకొంటాయి. ఇది రెండు దేశాలు బహిరంగంగా కుదుర్చుకొన్న బేరం, దానిని తప్పుపట్టనవసరం లేదు. సుంకం తగ్గించే అధికారం ప్రభుత్వానిది. ఎవరికి వారు తగ్గించుకొనడం మాత్రం చోరత్వమే.

మన పూర్వులకు ఈ భేదం బాగా తెలుసు. క్రీ.శ. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించినాడు. అంతకుముందు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును రాజులు బలవంతంగా లాగుకొనేవారు. తాను ఆ పని చేయననీ, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకొందుననీ ఆ ప్రభువు రాతిపై చెక్కించినాడు. రాజు హద్దు దాటకుండుట ఒక పక్క. వర్తకుడు హద్దు దాటకుండుట మరొక పక్క. రెండవదాని సంగతి కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో చూచుకొన్నాడు. దిగుమతి సరకుకు వెలలో అయిదవ వంతు సుంకమన్నాడు. సుంకానికి జడిసి సరకును గాని ధరను గాని తగ్గించి చెప్పినవాని వద్ద ఆ మిగులును రాజు స్వాధీనం చేసుకోవాలి, లేదా సుంకానికి ఎనిమిది రెట్లు కట్టించాలి అన్నాడు. తగ్గించిన బిల్లు రెండువేల యేండ్ల క్రితమే ఎంత పరిచితమైన విద్యయో దీనివల్ల తెలుస్తున్నది.

ఇంతా చేసి తెచ్చుకొన్న కారును ఎక్కడ నడపాలి? జల్‌పల్లి గల్లీలలో స్పీడు బ్రేకరు దాటడానికే దాని పొట్ట నేలకు రాచుకొంటుంది. బాహ్యవలయ రహదారిపై వేగపరిమితి 2023లో పెంచిన తరువాత కూడా గంటకు 120 కిలోమీటర్లే. ఆ వేగాన్ని పది లక్షల రూపాయల కారు కూడా అందుకొనగలదు. మిగిలిన నూట ఎనభై కిలోమీటర్ల వేగానికి యజమాని కట్టిన కోట్లు గరాజులోనే ఉంటాయి. ఉండకపోతే ఆ రోడ్డుపై పోయే వారందరికీ ప్రమాదం.

హైదరాబాదులో ఈ ముచ్చట శతాబ్ది నాటిది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఇంగ్లాండు నుంచి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు తెప్పించ తలపెట్టినాడు. లోపల సింహాసనం వంటి ఆసనం, పసుపుపచ్చని రంగు. 1911లో ఆయన మరణించేనాటికి అది రానేలేదు. ఏడవ నిజాం కాలంలో వచ్చి, రాజలాంఛనాల ఊరేగింపులకు మాత్రమే బయటకు తీసే ఆ వాహనం దశాబ్దాల తరబడి కలిపి నాలుగువందల మైళ్ళయినా తిరగలేదని చెబుతారు. ఇప్పుడది పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనలో ఉన్నది. జల్‌పల్లి విద్యార్థులకు చాంద్రాయణగుట్ట మీదుగా అది ఒక పూట ప్రయాణం. టికెట్టు కొన్న ప్రతివారూ దానిని చూడవచ్చును.