చేపకుఁ దగిన తొట్టి

మిర్యాలగూడలోని మా చెల్లెలి కుమారుఁడు కోదాడ యంగడిలోఁ బిరాన్హా యనఁగా నమ్మి, బెత్తెడు ఎఱ్ఱపొట్ట చేపను గొని, దానికిఁ దగిన తొట్టి యేదని మమ్ము నడిగెను. మేము దాని నోరు పరికించితిమి. పిరాన్హా పండ్లు ఱంపపుఁ బండ్లవలె వాఁడియగు త్రికోణములు. దీనివో, మన దవడపండ్లవలె చదునైనవి. ఇది చేపలబజారున రూప్‌చంద్ అని యమ్మెడి పాకూయే!

మూఁడు పిరాన్హాల కైనను నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే లోతు గల తొట్టి కావలెను. అందుఁ బట్టు నీరు ఇంచుమించు 250 లీటర్లు. నీటి బరువే రెండున్నర క్వింటాళ్లు. గోడబల్ల దానిని మోయునా, సోదరీ? పాకూ యన్ననో రెండడుగులకు మించియుఁ బెరుగఁగలదు; మన యిండ్లలోని తొట్టు లేవియుఁ జాలవు.

సాగరు కాలువలో విడిచెద ననెను బాలుఁడు. దక్షిణ అమెరికా చేప. మన యేటిచేపలకుఁ జేటు రావచ్చును, వల దంటిమి. సూర్యాపేట చెంత రూప్‌చందు పెంచెడి చెఱువువారి కిచ్చితిమి. వారు తుదకు దాని నమ్ముదురు గదా యని వాఁడు రెండుదినములు మాతోఁ బలుకలేదు.